వికీ కోడ్‌కు కొత్త రంగులు, మధ్యలో తెలుగు

తెలుగు వికీపీడియాలో ఊరి పేజీ తెరిస్తే పక్కన ఒక సమాచారపెట్టె ఉంటుంది. పటం, జిల్లా, మండలం, అక్షాంశ రేఖాంశాలు అన్నీ అందులోనే. ఆ పెట్టెను గీసేది మూస. చాలా మూసల వెనక మాడ్యూలు ఉంటుంది. మాడ్యూలంటే లువా భాషలో రాసిన ప్రోగ్రాము. వికీమీడియా తన వికీలకు 2013లో లువా సౌకర్యం ఇచ్చినప్పటి నుంచి ఈ ఏర్పాటు నడుస్తోంది. పేజీ చదివి పోయేవాళ్లకు ఇదంతా అక్కర్లేదు. జిల్లా పేరు మారిన రోజున మాత్రం ఎవరో ఒకరు ఆ కోడ్ తెరిచి కూర్చోవాలి. మా ఓరుగల్లు వైపు ఈ అవసరం ఐదేళ్ల వ్యవధిలో కనీసం రెండుసార్లు వచ్చింది. 2016 అక్టోబరు 11న పాత వరంగల్ ఐదు జిల్లాలైంది, చేర్యాల వైపు మండలాలు సిద్దిపేటకు పోయాయి. 2021 ఆగస్టులో వరంగల్ అర్బన్ కాస్తా హనుమకొండ జిల్లా అయింది, వరంగల్ రూరల్ వచ్చి వరంగల్ పేరు పెట్టుకుంది. దాంతో కోడ్‌లో ‘వరంగల్’ అని కనిపించిన ప్రతిచోటా అది ఏ వరంగల్లో తేల్చుకుని మరీ చెయ్యి పెట్టాలి.

అలా తెరిచిన కోడ్ ఒకే నలుపులో ముద్దగా కాకుండా కీలకపదాలు ఒక రంగులో, కొటేషన్లలోని మాటలు ఇంకో రంగులో, వ్యాఖ్యలు వాలు అక్షరాల్లో కనబడేలా చేసేది సింటాక్స్ హైలైటర్. వికీలో దీన్ని కొత్త వెర్షన్‌కి మార్చాలా, మారిస్తే ఎలా అన్న మాట వచ్చినప్పుడు చర్చంతా సర్వరు చుట్టూ తిరుగుతుంది. ఎంత వేగం, ఎన్ని భాషలు, ఏ లైసెన్సు అని. అవి తేలిగ్గా తేలే సంగతులు. పాత పేజీలు ఏమవుతాయన్నది అంతకంటే బరువైన ప్రశ్న. కోడ్ మధ్యలో ఉన్న తెలుగు ఏమవుతుందన్నది మరీ బరువైనది, దాన్ని పరీక్షించి చూసేవాళ్లే కనబడరు.

ముందు అసలు రంగులు అవసరమా అన్న సందేహం తీర్చుకోవాలి. పరిశోధకులు దీని మీద ఏకాభిప్రాయానికి రాలేదు. 2015లో అద్వైత్ సర్కార్ చేసిన చిన్న అధ్యయనంలో, రంగులున్నప్పుడు కోడ్ అర్థం చేసుకోవడానికి పట్టే సమయం తగ్గిందని, అనుభవం పెరిగేకొద్దీ ఆ లాభం కరిగిపోతుందని తేలింది. 2018లో జర్మనీకి చెందిన హన్నెబావర్ బృందం 390 మంది డిగ్రీ విద్యార్థులను పరీక్షించి, కొత్తగా నేర్చుకునేవాళ్లు సరైన జవాబు చెప్పడంలో రంగుల వల్ల చెప్పుకోదగ్గ తేడా ఏమీ లేదంది. రెండో అధ్యయనం పెద్దది కనుక దాన్నే నమ్మాలనిపిస్తుంది. అయినా వికీలో కోడ్ చదవడం వేరు. అక్కడికి వచ్చేవాళ్లు ప్రోగ్రాము మొత్తం అర్థం చేసుకోవడానికి రారు, మార్చాల్సిన ఒక్క వరుస వెతుక్కోవడానికి వస్తారు. మూతపడని కొటేషన్ ఒకటుంటే దాని కింది నుంచి పేజీ అంతా ఒకే రంగులోకి జారిపోతుంది. నల్లటి ముద్దలో ఆ తప్పు పట్టుకోవాలంటే ప్రాణం మీదికొస్తుంది. ఈ ఒక్క ప్రయోజనానికైనా రంగులు ఉండాల్సిందే.

వికీపీడియాను నడిపే సాఫ్ట్‌వేరైన మీడియావికీలో ఈ పని మొదట గేషీ చేసేది. నైజెల్ మెక్‌నీ అనే ప్రోగ్రామర్ పీహెచ్‌పీబీబీ అనే ఫోరం సాఫ్ట్‌వేర్ కోసం మొదలుపెట్టి, తర్వాత విడి లైబ్రరీగా పెంచిన సరుకది. పీహెచ్‌పీలోనే రాసింది కనుక పీహెచ్‌పీలోనే ఉన్న వికీలో ఇట్టే ఒదిగిపోయింది. ఒక్కో భాషకు ఒక్కో ఫైలు, అందులో కీలకపదాల జాబితాలు, కొన్ని రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్లు, అంటే పాఠంలో నమూనాలు వెతికే సూత్రాలు. పద్ధతి సులువే గానీ భాషలు పెరిగేకొద్దీ భారమైంది, కొత్త భాషల ఫైళ్లు రావడం మందగించింది. ఈలోగా పైథాన్ లోకంలో గియోర్గ్ బ్రాండ్ల్ మొదలుపెట్టిన పైగ్మెంట్స్, 2006 అక్టోబరులో మొదటిసారి విడుదలై, చాలా ప్రాజెక్టులకు ఆధారమైంది. 2015 నవంబరులో వచ్చిన మీడియావికీ 1.26 గేషీని తీసేసి పైగ్మెంట్స్‌ను పెట్టింది. చిత్రమేమంటే మీడియావికీకి ఈ పని చేసిపెట్టే ఎక్స్‌టెన్షన్ ఫోల్డరు పేరులో గేషీ ఇప్పటికీ అలాగే ఉంది. పేరు మారిస్తే వేలాది వికీల కాన్ఫిగరేషన్ ఫైళ్లు విరుగుతాయి. జిల్లాల పేర్లు మార్చేటప్పుడు కూడా ఎవరైనా ఇంత ఆలోచిస్తే బాగుండు.

ఆ మార్పులో ఏం విరిగిందో చూస్తే ఈ తరహా అప్‌గ్రేడ్‌లన్నిటి స్వభావం అర్థమవుతుంది. గేషీ పెట్టుకున్న భాషల పేర్లు, పైగ్మెంట్స్ పెట్టుకున్న పేర్లు ఒకటి కావు. పాత పేజీల్లో ‘హెచ్‌టీఎంఎల్4స్ట్రిక్ట్’ అనో ‘జావా5’ అనో రాసి ఉండేది. పైగ్మెంట్స్‌కు హెచ్‌టీఎంఎల్, జావా తెలుసు, ఆ తోకలు తెలియవు. అందుకని పాత పేరు ఇస్తే కొత్త పేరు చెప్పే పట్టిక ఒకటి తయారుచేసి ఎక్స్‌టెన్షన్‌లో పెట్టారు. మొత్తం అప్‌గ్రేడ్‌లో నాకు అన్నిటికంటే తెలివైన పనిగా తోచేది ఇదే. ఆ పట్టికలోకి కూడా రాని భాషలు మిగిలాయి. అలాంటి కోడ్ రంగుల్లేకుండా మామూలుగా కనిపిస్తుంది, పేజీ మాత్రం ‘హైలైటింగు దోషాలున్న పేజీలు’ తరహా వర్గంలోకి చేరుతుంది. ఆ వర్గం చూసి నిదానంగా సరిచేసుకోవచ్చు. పేజీ పగలలేదు, తప్పు దాగలేదు.

ట్యాగుల సంగతీ ఇంతే. పాతకాలంలో కోడ్‌ను ‘సోర్స్’ అనే ట్యాగు మధ్య పెట్టేవాళ్లు. హెచ్‌టీఎంఎల్5లో అదే పేరుతో ఆడియో, వీడియోల కోసం వేరే మూలకం ఉంది. తికమక ఎందుకని ‘సింటాక్స్‌హైలైట్’ ట్యాగును అసలు పేరు చేశారు. వరుసలో కలిపి రాసే చిన్న కోడ్ ముక్క కోసం వాడే ‘ఎన్‌క్లోజ్’ పోయి ‘ఇన్‌లైన్’ వచ్చింది. పాతవి వెంటనే చావలేదు, వాటికీ దారి చూపే వర్గాలు పెట్టారు. తెలుగు వికీలాంటి చోట ఇలాంటి సవరణలు చేసే చేతులు వేళ్ల మీద లెక్కపెట్టేటన్నే. ఎవరైనా ఒకరు బాట్ రాసి ఒక ఆదివారం నడిపితే తీరిపోయే పని, ఆ ఒకరు దొరికేదాకా వర్గం అలా నిండుతూనే ఉంటుంది.

ఇక భద్రత. నిర్వాహకులు అప్‌గ్రేడ్‌ను వాయిదా వేసుకోవడానికి వీల్లేని కారణం ఏదైనా ఉంటే అది ఇదొక్కటే. వరుస సంఖ్యలు ఎక్కడ మొదలవ్వాలో చెప్పే ‘స్టార్ట్’ విలువను ఎక్స్‌టెన్షన్ సరిగా తనిఖీ చేయకుండా పైగ్మెంట్స్‌కు అందించేది. ఆ సందులోంచి వేరే ఆప్షన్లు దూర్చవచ్చని తేలింది. సీవీఈ-2017-0372 పేరుతో నమోదైన ఈ లోపాన్ని 2017 ఏప్రిల్‌లో సరిచేశారు. వికీలో రాసే హక్కున్న ఎవరైనా వాడుకోగల లోపమది, వికీలో రాసే హక్కు అందరికీ ఉంటుంది కదా. ఆపైన పైగ్మెంట్స్ సొంత లోపాలు. 2021లో రెండు బయటపడ్డాయి. ఒకటి, కోడ్‌ను టోకెన్లనే ముక్కలుగా విడదీసే లెక్సర్లలో కొన్నింటి రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్లకు పనిగట్టుకుని తయారుచేసిన పాఠం ఇస్తే ప్రాసెసరు గంటల తరబడి గానుగెద్దులా తిరగడం. రెండోది, ఎస్‌ఎంఎల్ భాష లెక్సరు అంతులేని చక్రంలో పడిపోవడం. రెండూ 2.7.4 వెర్షన్‌తో సర్దుకున్నాయి. 2.15.1లో ఇదే జాతి లోపం మరొకటి సరిదిద్దారు. రంగులేసే పనిముట్టు నుంచి సర్వరు కూలడమేమిటని ఆశ్చర్యపోనక్కర్లేదు. ఎవరో తెలియని మనిషి రాసిన పాఠాన్ని మన యంత్రం మీద విశ్లేషిస్తున్నాం, అది ఎప్పుడైనా ప్రమాదమే. వికీమీడియా తర్వాతి కాలంలో ఈ పనిని అసలు సర్వర్లలోంచి తీసి షెల్‌బాక్స్ అనే వేరు గదిలో పెట్టింది. సొంతంగా పెట్టుకున్న చిన్న వికీకి అంత హంగు అక్కర్లేదు, కొత్త వెర్షన్ పెట్టుకుంటే చాలు.

ఇప్పుడు తెలుగు దగ్గరికి వద్దాం.

‘హనుమకొండ’ అని రాస్తే మన కంటికి ఐదు అక్షరాలు. యూనికోడ్‌లో అవి ఎనిమిది కోడ్‌పాయింట్లు: హ, న, ఉకారం, మ, క, ఒకారం, సున్న, డ. యూటీఎఫ్-8లో ఒక్కోదానికి మూడు బైట్ల చొప్పున 24 బైట్లు. లువాలో పొడవు కొలిచే హాష్ గుర్తు 24 అంటుంది, మీడియావికీ ఇచ్చే యూస్ట్రింగ్ లైబ్రరీ 8 అంటుంది. ఐదు అని చెప్పేది రెండింట్లో ఏదీ లేదు. ‘హన్మకొండ’ అనే పాత రాత కూడా ఎనిమిదే, 24 బైట్లే. కాబట్టి పొడవు చూసి రెండింటినీ వేరుచేయడం కుదరదు, పట్టికలో రెండు రాతలూ పెట్టుకోవాల్సిందే.

ఇంతకీ హైలైటరుకు దీనితో ఏం పని? ఉంది. ఎక్స్‌టెన్షన్‌లో ఒక హద్దు పెట్టారు. కోడ్ వెయ్యి వరుసలు దాటినా, 1,02,400 బైట్లు దాటినా రంగులు వేయదు, ఊరికే చూపిస్తుంది. సర్వరును కాపాడుకోవడానికి పెట్టిన సమంజసమైన హద్దే. కానీ కొలిచేది బైట్లలో. ఇంగ్లీషు అక్షరాలతో నిండిన ఫైలుకు లక్ష అక్షరాల చోటుంటే, తెలుగుతో నిండినదానికి సుమారు 34 వేల కోడ్‌పాయింట్లకే అయిపోతుంది. ఒక జిల్లా గ్రామాల పేర్లు, మండలాలు, పాత జిల్లా, కొత్త జిల్లా అన్నీ పెట్టి ఒకే దత్తాంశ మాడ్యూలు రాసుకుంటే ఆ గోడ త్వరగానే తగులుతుంది. సరిగ్గా రంగులు ఎక్కువ అవసరమైనచోట రంగులు పోతాయి. వెర్షన్ మార్చినంత మాత్రాన ఇది తీరదు. మాడ్యూలును మండలాల వారీగా విడగొట్టుకోవడమే మార్గం, అలా చేస్తే సరిదిద్దడానికీ వీలుగా ఉంటుంది.

అంతకంటే లోతైన ఇబ్బంది లెక్సర్లలో ఉంది. పైథాన్ రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్లలో ‘పదంలో వచ్చే అక్షరం’ అని చెప్పడానికి బ్యాక్‌స్లాష్ డబ్ల్యూ వాడతారు. ఆ గుర్తు దృష్టిలో హల్లులు, అచ్చులు అక్షరాలే. గుణింతపు గుర్తులు, సున్న, పొల్లు మాత్రం అక్షరాలు కావు. ‘హనుమకొండ’ను దానితో వెతికితే ‘హన’, ‘మక’, ‘డ’ అని మూడు తునకలు చేతికొస్తాయి. ఉకారం, ఒకారం, సున్న గాల్లో కలిసిపోతాయి. లెక్సరు రాసినవాళ్లు ఈ గుర్తునే నమ్ముకుంటే, కోడ్‌లో తెలుగు పేరు ఎదురైనచోట ఒక్కో గుణింతం దోషపు టోకెన్ అవుతుంది. పైగ్మెంట్స్ మామూలు శైలిలో దోషపు టోకెన్ చుట్టూ ఎర్రటి గడి పడుతుంది. హల్లు ఒక గడిలో, దాని గుణింతం ఇంకో గడిలో పడితే బ్రౌజరు ఆ గుణింతాన్ని చుక్కల వృత్తం మీద వేలాడదీసినా అడిగే దిక్కుండదు. చదివేవాళ్లు కోడ్ తప్పేమో అనుకుంటారు.

అన్ని లెక్సర్లూ ఇలా లేవు. పైగ్మెంట్స్‌లోని పైథాన్ లెక్సరు యూనికోడ్ నియమాలను శ్రద్ధగా పాటిస్తుంది. పైథాన్ 3లో ‘జనాభా’ అని తెలుగులో చలరాశి పేరు పెట్టుకోవచ్చు, దానికి రంగు సక్రమంగానే పడుతుంది. జావాస్క్రిప్టు లెక్సరూ అంతే. ఈ రెండింటి మధ్య ఒక సన్నటి తేడా ఉంది. తెలుగులో ‘ఫైల్‌లో’, ‘సాఫ్ట్‌వేర్’ అని రాసేటప్పుడు పొల్లు తర్వాతి హల్లు ఒత్తుగా మారకుండా మధ్యలో కంటికి కనబడని ఒక గుర్తు పెడతాం. ఇన్‌స్క్రిప్టు కీబోర్డు వాడేవాళ్లకు దాని మీట తెలుసు, ఫోనులో టైపు చేసేవాళ్లకు అది పడుతున్నట్టే తెలియదు. జావాస్క్రిప్టు ఆ గుర్తును పేర్ల మధ్యలో ఒప్పుకుంటుంది. పైథాన్ ఒప్పుకోదు, కనబడని అక్షరం ఉందని తిరగ్గొడుతుంది. ఒకే పేరు ఒక భాషలో నడిచి ఇంకో భాషలో ఆగిపోతుంది, తెర మీద చూస్తే రెండూ ఒకేలా ఉంటాయి. ఈ ఒక్కచోట దోషపు టోకెన్ చుట్టూ పడే ఎర్ర గడి మేలు చేస్తుంది. చదివేవాళ్లకు కనబడనిది అది చూపిస్తుంది.

లువా సంగతి మరీ తేలిక. వికీల్లో వాడే లువా 5.1లో తెలుగు చలరాశులకు చోటే లేదు. తెలుగు అంతా కొటేషన్ల మధ్యో, వ్యాఖ్యల్లోనో ఉండాలి, పట్టికలో తాళంగా వాడాలంటే చదరపు కుండలీకరణాల్లో కొటేషన్ పెట్టి రాయాలి. కొటేషన్ లోపలి పాఠాన్ని లెక్సరు ముక్కలు చేయదు, ఒకే టోకెనుగా తీసుకుంటుంది. అందుకే తెలుగు వికీ మాడ్యూళ్లలో ఈ గందరగోళం పెద్దగా కనబడదు. అదృష్టమే గానీ ఎవరో ముందుచూపుతో చేసింది కాదు.

రంగులు సరిగా పడినా అక్షరం సరిగా నిలవాలిగా. కోడ్‌ను ఒక్కో అక్షరం ఒకే వెడల్పు పట్టే ఫాంటులో చూపిస్తారు. తెలుగులో ‘ర’కు, ‘ఝా’కు, ‘క్ష్మ్య’కు ఒకే వెడల్పు ఇస్తే చూడలేం. అందుకే కోడ్ మధ్యలో తెలుగు వచ్చినచోట బ్రౌజరు మామూలు తెలుగు ఫాంటుకు జారుకుంటుంది, అది గౌతమి కావచ్చు, లోహిత్ కావచ్చు, నోటో కావచ్చు, మా బమ్మెర కవి పేరు పెట్టుకున్న పోతన కావచ్చు. నిలువు వరుసలు తప్పుతాయి, దానితో సర్దుకోవచ్చు. సర్దుకోలేనిది వరుసల మధ్య ఎడం. ఇంగ్లీషు కోడ్‌కు తగినట్టు వరుసలు దగ్గరగా పేరిస్తే కింది వరుస గుడిదీర్ఘం పై వరుస ఒత్తుకు తగులుతుంది. స్టైల్‌షీటులో వరుస ఎత్తు కాస్త పెంచితే సరిపోయే దీన్ని ఎవరి అప్‌గ్రేడ్ జాబితాలోనూ చూడం.

కోడ్ చదివే పేజీ ఒకటైతే రాసే పెట్టె మరొకటి, అక్కడ రంగులేసే పనిముట్టు వేరు. మాడ్యూళ్లను దిద్దే పెట్టెలో ఏళ్ల తరబడి ఏస్ ఎడిటరు ఉంది. ప్రతి అక్షరం ఒకే వెడల్పు అన్న నమ్మకంతో అది కర్సరు స్థానం లెక్కకడుతుంది. తెలుగు వరుసలో ఆ లెక్క తప్పుతుంది. కర్సరు ఒకచోట మెరుస్తుంటే అక్షరం ఇంకోచోట చెరుగుతుంది. ఒక్కసారి ఈ అనుభవమైనవాళ్లు రంగులు వద్దని ఆ ఎడిటరును ఆపేసి, మామూలు పెట్టెలోనే రాసుకుంటారు. 2022లో స్థిరపడిన కోడ్‌మిర్రర్ 6 అనే ఎడిటరు ఇలా కాదు. పాఠాన్ని చూపే పని, కర్సరు పెట్టే పని బ్రౌజరుకే వదిలేస్తుంది. గుణింతాలు, ఒత్తులు ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తాయో బ్రౌజరుకు బాగా తెలుసు. మీడియావికీలోని కోడ్‌మిర్రర్ ఎక్స్‌టెన్షన్ ఈ ఆరో వెర్షన్‌కి మారడం, నా లెక్కన, పైగ్మెంట్స్ ఎన్ని వెర్షన్లు మారినదానికంటే తెలుగులో రాసేవాళ్లకు పెద్ద వరం.

వికీపీడియాను పక్కనపెట్టి చిన్న వికీల మాట చూద్దాం. హనుమకొండ, కాజీపేట చుట్టూ కంప్యూటర్ కోర్సులు చెప్పే కాలేజీలకు లోటు లేదు. 1959లో ఆర్‌ఈసీగా పుట్టిన ఎన్‌ఐటీ నుంచి, 1976 నాటి కాకతీయ విశ్వవిద్యాలయం నుంచి, నిన్నమొన్నటి ప్రైవేటు కాలేజీల దాకా ఎన్నో ఉన్నాయి. ఇలాంటిచోట ఒక విభాగమో, విద్యార్థుల బృందమో ల్యాబు ప్రోగ్రాముల కోసం సొంత వికీ పెట్టుకోవాలనుకుంటే ఎంచుకోవడానికి మూడు దారులున్నాయి. మీడియావికీతో పైగ్మెంట్స్ పెట్టుకుంటే సర్వరులో పైథాన్ 3 ఉండాలి, వెబ్ సర్వరుకు పైగ్మెంట్స్ ఫైలును నడిపే అనుమతి ఉండాలి. కొత్తగా పెట్టినవాళ్లు చాలామంది ఇక్కడే చిక్కుకుంటారు. జిప్ ఫైలు విప్పి ఎఫ్‌టీపీతో ఎక్కిస్తే ఆ అనుమతి ఊడిపోతుంది, కోడ్ నల్లగా మిగులుతుంది, తప్పెక్కడుందో లాగ్ చూస్తే తప్ప తెలియదు. చవక షేర్డ్ హోస్టింగులో బయటి ప్రోగ్రాములు నడపడాన్నే నిషేధిస్తారు, అప్పుడు ఈ దారి మూసుకున్నట్టే. రెండో దారి డోకువికీ. అది ఇప్పటికీ గేషీనే వాడుతుంది, పీహెచ్‌పీ ఉంటే చాలు. కొత్త భాషల విషయంలో వెనకబడినా సీ, జావా, పైథాన్ ల్యాబులకు దానితో ఏ లోటూ రాదు. మూడోది, రంగులేసే పనిని చదివేవాళ్ల బ్రౌజరుకే అప్పగించడం. 2006లో వచ్చిన హైలైట్.జేఎస్, 2012లో లియా వెరూ మొదలుపెట్టిన ప్రిజ్మ్ ఈ కోవవి. సర్వరుకు భారం లేదు, భద్రతా భయం తక్కువ. స్క్రిప్టు దిగేదాకా కోడ్ నల్లగా ఉండి ఒక్కసారి రంగు మారుతుంది, ఫోనులో ఆ తేడా కనబడుతుంది.

పెద్ద సంస్థలూ ఈ దారుల మధ్య తిరుగుతూనే ఉన్నాయి. గిట్‌హబ్ ఒకప్పుడు పైగ్మెంట్సే వాడి, 2014లో వేగం కోసం టెక్స్ట్‌మేట్ అనే ఎడిటరు వ్యాకరణాలకు మారింది. గిట్‌హబ్‌లోనే పుట్టిన మరొకటి ట్రీ-సిట్టర్, ఎడిటర్లలో కోడ్ నిర్మాణాన్ని నిజంగా విశ్లేషించి రంగులేస్తుంది. వికీకి అంత అక్కర్లేదని నా అభిప్రాయం. సొంత సర్వరు చేతిలో ఉంటే పైగ్మెంట్స్, లేకపోతే ప్రిజ్మ్, విద్యార్థులే నడిపే వికీ అయితే డోకువికీ. ఏది ఎంచుకున్నా వెర్షన్ మార్చే ముందు ఒక పరీక్ష పేజీ తయారుచేసుకోవాలి. అందులో కొటేషన్లలో తెలుగు, వ్యాఖ్యల్లో తెలుగు, పైథాన్‌లో తెలుగు చలరాశి, కనబడని గుర్తుతో ఒక పేరు, ఒత్తులు నిండిన నాలుగు వరుసలు, పాత ట్యాగుతో ఒక ముక్క, లేని భాష పేరుతో ఒక ముక్క ఉండాలి. పాత వెర్షన్‌లో అది ఎలా కనిపించిందో స్క్రీన్‌షాటు తీసి పెట్టుకుని, కొత్తదానితో పోల్చి చూస్తే సగం గొడవలు ముందే తెలిసిపోతాయి.

కాంట్రాస్టు కూడా ఆ పరీక్ష పేజీలోనే చూసుకోవాలి. పైగ్మెంట్స్ ఇటీవలి వెర్షన్లలో మామూలు శైలి రంగులను కాస్త ముదురు చేశారు, చూపు మందగించినవాళ్లకు వ్యాఖ్యలు వెలిసిపోయినట్టుండేవని. చీకటి తెర వాడేవాళ్లకు మళ్లీ వేరే శైలి కావాలి.

తెర మీద ఇంత శ్రమపడి తెచ్చుకున్న రంగులు మా ఊళ్లో చివరికి చేరేది జిరాక్సు సెంటరుకు. ల్యాబు రికార్డులో అతికించడానికి ప్రోగ్రాము ప్రింటు తీయాలి. కలర్ ప్రింటుకు డబ్బులెక్కువ, కాబట్టి నలుపు తెలుపే. ఆకుపచ్చ కీలకపదం, ఎర్రటి కొటేషను, నీలి వ్యాఖ్య మూడూ ఒకే బూడిదరంగులోకి దిగిపోతాయి. ప్రింటరులో టోనరు అయిపోవస్తుంటే వ్యాఖ్యలు అసలు అచ్చే కావు. పైగ్మెంట్స్‌లో బీడబ్ల్యూ అనే శైలి ఒకటుంది. అది రంగుల జోలికి పోకుండా మందమైన అక్షరాలు, వాలు అక్షరాలతోనే తేడా చూపిస్తుంది. వికీ ప్రింటు స్టైల్‌షీటులో దాన్ని పెడితే తెర మీద రంగులు రంగులుగానే ఉంటాయి, కాగితం మీద మాత్రం అక్షరాల మందమే తేడా చెబుతుంది. దీనికి కొత్త వెర్షన్ దేనికోసమూ ఆగక్కర్లేదు, ఈ శైలి పాత వెర్షన్లలోనూ ఉంది.